మూయని తలుపుల ఊరు

ఆ వేకువన ఆకాశం తోమిన రాగిబిందె లోపలి వైపులా ఉంది. ఎక్కడా మబ్బు మరక లేదు. చుక్కలు ఒక్కొక్కటిగా ఆరలేదు, అన్నీ ఒక్కసారే మాడిపోయినట్టు మాయమయ్యాయి. సూర్యుడింకా కొండ వెనకే ఉన్నాడు గాని, ఆయన వేడి మాత్రం ముందే బయలుదేరి వచ్చి ఎండమావుల మైదానం మీద పరుచుకుంది.

ఆ మైదానం దాటి ఇద్దరు మనుషులు వస్తున్నారు. ఇద్దరి నెత్తి మీదా వట్టివేళ్ల కట్టలు. చెప్పులు నిన్ననే కాలి ముద్దయ్యాయి. మోదుగాకులు పాదాలకు చుట్టుకుని నారతో బిగించుకున్నారు. ముందు నడిచేవాడు మేఘవంక రాజకుమారుడు మణికేతుడు. వెనక వచ్చేవాడు గొంకడు. మేఘవంక ఏరులో నీళ్లున్న రోజుల్లో అందులో పడవ నడిపినవాడు.

"బావా," అన్నాడు గొంకడు. వేషంలో ఉన్నన్నాళ్లూ అలా పిలవమని రాజకుమారుడే చెప్పాడు. అప్పటి నుంచి అవసరమున్నా లేకున్నా గొంకడు ఆ మాట వదలడం లేదు. "బావా, అదిగో చెరువు."

"అది చెరువు కాదు."

"తెలుసు. ఊరికే చూపించాను. చూస్తే పోయేదేముంది."

చెరువులోంచి ఆడవాళ్లు లేచారు. మెరిసే కోకలు, చంకన కుండలు, నీటి చుక్కల్లాంటి ముక్కుపుడకలు. దాహమా నాయనా అని చేతులు చాచి పిలిచారు. వాళ్ల కుండల్లో ఉన్నవి నిప్పుకణికలని నిన్న గొంకడి అరచేయి కాలాక ఇద్దరికీ తెలిసింది. తల తిప్పకుండా నడిచారు. ఆ ఆడవాళ్లు కొంత దూరం వెంట వచ్చి, వేడికి కరిగి, నేల మీద జిడ్డు మరకల్లా మిగిలారు.

మణికేతుడి కట్ట నడుమ ఒక కుండ ఉంది. కుండలో తడి ఇసుక, ఇసుకలో ఇంకో చిన్న కుండ, అందులో హిమకంఠ పక్షి గుడ్డు. మాంత్రికుడు తప్తనాథుడు వానలు తెచ్చే నైరుతి గాలిని పట్టి, తోలుతిత్తిలో మూతి బిగించి, రాగి బురుజులో వేలాడదీశాడు. ఆ తిత్తిని కత్తి కొయ్యదు, నిప్పు కాల్చదు. హిమకంఠం పిల్ల వేసే మొదటి కూతకే అది చిరుగుతుంది. గుడ్డు పగలవలసింది ఈరోజే, పొద్దు కుంకేవేళ. అందాకా చల్లగా ఉండాలి. చల్లగా ఉన్నంతసేపూ పెంకు నీలంగా ఉంటుంది. వేడి తగిలితే గులాబి రంగుకు తిరుగుతుంది. పెంకంతా తిరిగాక అది గుడ్డు కాదు, గుక్కెడు నీళ్లు.

ఇంకొకటి కూడా ఉంది. బురుజు మీద రాగితో పోసిన చెవి. ఊళ్లో ఎవరేం మాట్లాడుకున్నా దానికి వినపడదు, మణికేతుడి పేరు తప్ప. ఆ పేరు ఎవరి నోట వచ్చినా ఆ నోరున్న ఇంటి మీద అగ్గి పడుతుంది. అందుకే తన ఊళ్లోకి తాను వస్తూ, నేను ఫలానా అని చెప్పుకునే దారి అతనికి లేదు.

కోటవాకిట కావలి నాయకుడు బిట్టన అడ్డం వచ్చాడు. అతని వెనక రాగి పంజరం. అందులో సుడిభూతం ఒంటికాలి మీద తిరుగుతోంది. మనిషెత్తు దుమ్ము, ముఖంలో నోరు తప్ప ఇంకేమీ లేదు.

"ఏం మూటలురా అవి?"

"వట్టివేళ్లు దొరా," అన్నాడు గొంకడు.

"వట్టివేళ్లు తడపడానికి నీళ్లుండాలిగా. ఈ ఊళ్లో ఎవడు కొంటాడు?"

"అదే మా బావకు నూరుసార్లు చెప్పాను దొరా. వినడు. అక్కనిచ్చిన పాపానికి మోస్తున్నాను."

బిట్టన నవ్వలేదు. ఈటె ఎత్తి మణికేతుడి కట్టలోకి పొడిచాడు. లోపల ఠప్పున చప్పుడైంది.

"ఏం పగిలింది?"

"మా గంజికుండ దొరా. ఇవాళ్టికి పస్తే."

కట్టలోంచి తడి ఇసుక రాలింది. వాకిట్లో చేటంత మేర నేల నల్లబడింది. పక్కనున్న భటుడు ఆ తడి చూసి, ఈటె గోడకు ఆనించి, వంగి గుప్పెడు ఇసుక తీసి నుదుటికి రాసుకున్నాడు. ఇంకొకడూ వంగాడు. అందరి కళ్లూ ఆ తడి మీదే ఉండగా ఇద్దరూ వాకిలి దాటారు. వీధి మలుపు తిరుగుతుంటే వెనక బిట్టన గొంతు వినిపించింది.

"గంజిలో ఇసుకేంట్రా? పంజరం తియ్యండి."

అప్పుడు పరుగెత్తారు.

ఒకప్పుడు మేఘవంక వీధుల్లో నడిచేవాడికి గొడుగు అక్కరలేదు. ఇంటింటికీ ముందు పందిరి, పందిరి నిండా బీరతీగెలు. అరుగుల మీద ఎర్రమట్టి, అంచుకు తెల్ల సున్నం. కప్పుల మీద బూడిదగుమ్మడికాయలు, పడుకున్న పిల్లులు. గోడలు మూరన్నర మందం. ఇప్పుడు పందిళ్లకు గుంజలే మిగిలాయి. తీగెలు ఎండి తాళ్లయి గాలికి గలగలమంటున్నాయి. అయినా ఏ ఇంటికీ తలుపు వేసి లేదు. వీధి పొడవునా ప్రతి తలుపూ బార్లా తెరిచే ఉంది. ఎండ నేరుగా నట్టింటి దాకా పోయి కూర్చుంది. లోపల మనుషులు గోడల మూలలకు ఒదిగి, నోళ్లు తెరుచుకుని, కదలకుండా ఉన్నారు.

"ఈ తలుపులేంటి బావా," అన్నాడు గొంకడు రొప్పుతూ. "మతి పోయిందా వీళ్లకు?"

మణికేతుడికీ తెలియదు. వెనక సుడిభూతం ఇంటింట్లో దూరి వెతుకుతోంది. వీధి గుమ్మంలోంచి పోయి పెరటి గుమ్మంలోంచి వస్తోంది. దూరిన ప్రతి ఇంట్లోనూ దగ్గులు వినపడుతున్నాయి. అతను సందులోకి తిరిగాడు, ఇంకో సందులోకి తిరిగాడు. చివరి ఇంటి గుమ్మంలోకి దూకాడు.

ఆ ఇంటి నేల వీధి కంటే మూరెడు పల్లంగా ఉంటుంది. ఎండాకాలం చల్లదనం కోసం అలా తవ్వి కట్టారు. మణికేతుడి కాలు ఆ పల్లం మీద చూడకుండానే దిగింది. వెనక వచ్చిన గొంకడు గడప దాటి గాలిలో అడుగేసి, కట్టతో సహా బోర్లా పడ్డాడు.

"కొత్తవాళ్లెవరొచ్చినా అక్కడ పడతారు," అంది గాదె పక్కన కూర్చున్న ముసలామె. "దెబ్బ తగిలిందా?"

ఆమె మారసాని. రాజకుమారుడి దాది. పాలిచ్చి పెంచింది. వేసవి మధ్యాహ్నాలు రాతిమేడ కొలిమిలా కాగుతుంటే, పసివాణ్ణి చంకనేసుకుని ఈ మట్టింటికి తెచ్చి పడుకోబెట్టేది. ఇప్పుడామె జుట్టు పూర్తిగా తెల్లబడింది. మణికేతుడి ముఖం ఎండకు మాడి, గడ్డం పెరిగి, పెదవులు పగిలి ఉంది. ఆమె అతని ముఖంలోకి చూడలేదు. అతని కాళ్ల వంక చూసి, గడప వంక చూసింది.

సుడిభూతం సందులోకి వచ్చింది. ముగ్గురూ గాదె వెనక నక్కారు. అది గుమ్మంలోంచి వచ్చి, ఇల్లంతా ఒకసారి కాల్చి, పెరటి తలుపులోంచి పోయింది. పొయ్యి గట్టు మీది మజ్జిగ ముంత ఆవిరెత్తి ఎండిపోయింది. మణికేతుడు కట్ట విప్పాడు. పెద్ద కుండ రెండు చెక్కలైంది. చిన్న కుండలో గుడ్డు ఉంది. పెంకు నీలం తగ్గి, ఒక పక్క గులాబి చార తేలింది.

"అవ్వా," అన్నాడు. "తలుపులు మూయాలి."

"పొద్దుండగా ఈ ఊళ్లో తలుపు మూయరు నాయనా."

"ఎందుకు?"

"రాజుగారబ్బాయి దేశాంతరం పోయిన రోజున ఊరంతా ఒట్టు పెట్టుకుంది. ఆయన తిరిగొచ్చేవేళకు ఏ గుమ్మమూ మూసి ఉండకూడదని. మూసిన తలుపు చూసి, నన్ను మరిచిపోయారనుకుని వెనక్కి పోతాడేమోనని." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆ తర్వాత వాడొచ్చాడు, బురుజులో కూర్చున్నవాడు. మన ఒట్టు తెలుసుకుని వాడికి మహా సంతోషమైంది. అదే చట్టం చేశాడు. ఎవరి తలుపు మూసి ఉంటే వాళ్లింటికి ఆయన వచ్చినట్టేనట."

గొంకడు రాజకుమారుడి వంక చూశాడు. మణికేతుడు తెరిచిన గుమ్మం వంక చూస్తున్నాడు. అతని కోసం తెరిచిన తలుపుల్లోంచే ఊరు కాలిపోయింది.  నేను వచ్చానని చెప్పడానికీ వీల్లేదు.

"అవ్వా, ఆ గుడ్డు చచ్చిపోతే..." గొంకడు మొదలుపెట్టాడు.

"నేను గుడ్డు సంగతి అడగలేదు." మారసాని లేచింది. మోకాళ్లు పట్టుకుని నిలబడి, మెల్లగా వీధి గుమ్మం దగ్గరికి నడిచింది. ఏళ్ల తరబడి కదలక తలుపు బందులు బిగుసుకుపోయాయి. భుజం పెట్టి నెట్టింది. సాయం వచ్చిన మణికేతుణ్ణి చేత్తో వారించింది. ఎండ సన్నబడి, చారై, దారమై, తెగిపోయింది.

"తెరిచి ఉంచాల్సిన పని ఇవాళ్టితో అయిపోయిందిలే నాయనా," అంది చీకట్లోంచి. గొళ్లెం పెట్టిన చప్పుడైంది.

గొంకడు నోరు తెరిచాడు. మణికేతుడు అతని భుజం నొక్కాడు.

ఆమె పెరటి తలుపు కూడా మూసింది. పొయ్యిలో బూడిద కింద దాచిన నిప్పును కుండపెంకులోకి తీసి, మూసేముందే పెరట్లోకి పారేసింది. "ఇంట్లో నిప్పుంచుకుని చల్లదనం వెతుక్కోకూడదు." ఆ తర్వాత మూలనున్న కుండ మూత తీసి చూపించింది. నీళ్లు సగానికి ఉన్నాయి. "ఇంతే. రేపటి దాకా బావి ఊరదు."

మణికేతుడు ముంచబోయాడు. "నేల తడుపుతాను."

"మూసిన గదిలో నేల తడిపితే ఉక్కపోతకు మనమే చస్తాం. తడి ఎప్పుడూ గాలి వచ్చే దారిలో ఉండాలి."

"కప్పు మీద చల్లితేనో?" అన్నాడు గొంకడు.

"కాకులు తాగుతాయి."

పడమటి గోడకు చిన్న కిటికీ ఉంది. గొంకడు దాని దగ్గర ముఖం పెట్టి, వేలు నాలుకకు రాసుకుని, పడవవాడి అలవాటు చొప్పున గాలి చూశాడు. ఇప్పుడు తూర్పున ఉంది. అంబలి తాగే అంబటిపొద్దు దాటితే పడమరకు తిరుగుతుందన్నాడు. తిరిగాక రాత్రి దాకా ఆగదు. మణికేతుడు వట్టివేళ్లు పరిచి, గాదె పైనున్న వెదురు బద్దలతో బిగించి, కిటికీకి సరిపడా తడిక అల్లాడు. అమ్మేవాడి వేషం వేసినందుకు ఆ పని నేర్చుకోవలసి వచ్చింది. గొంకడు ఇంటి నడిమి నిట్టాడెక్కి పొగగూడు మూత తోశాడు. పైన చేరిన వేడి దానిలోంచి బుస్సున పోయింది. పగిలిన కుండ చెక్కల్లో మిగిలిన ఇసుక మారసాని పోగుచేసి, రాగిసంకటి వండే చట్టిలో పోసి, తడిపి, చిన్న కుండను అందులో దించి కిటికీ ఎదుట పెట్టింది.

అప్పుడు ఆమె వేపమండలు అందుకుంది. పెరటి చెట్టువి, నిన్న దోమల కోసం కోసినవి.

"అమ్మవారు పోసిందని చెబుతావా అవ్వా?" అన్నాడు గొంకడు.

"అమ్మవారి పేరు మీద అబద్ధం ఆడను. మండలు కడతాను. చూసినవాళ్లు ఏమనుకుంటే అది." వీధి తలుపు జానెడు తెరిచి, మండలు వాసానికి దోపి, మళ్లీ వేసింది.

వేపమండ కట్టిన ఇంటి గడప ఎవరూ తొక్కరు. అయినా అంబటిపొద్దుకు బిట్టన వచ్చాడు. ఈటె మొనతో తలుపు కొట్టాడు.

"ముసలమ్మా, ఎందుకు మూశావు?"

"మండలు కనపడలేదా బిట్టనా?"

"ఎవరికి?"

"మా పిల్లవాడికి. ఒళ్లు కాలిపోతోంది. పెదాలు పగిలిపోయాయి. ఏ ఎండల్లో తిరిగొచ్చాడో, ఎన్నాళ్లు తిన్నాడో మానాడో నాకు తెలియదు." ఆమె గొళ్లెం మీద చేయి వేసింది. "చూస్తానంటే తలుపు తీస్తాను. నీకూ పిల్లలున్నారుగా."

బయట అడుగులు వెనక్కి పడ్డాయి. "అమ్మవారే అయితే పొద్దు వాలేసరికి గడప మీద పసుపు నీళ్లు పోయాలి. పోస్తావుగా. గడప తడవకపోతే మాత్రం, మండలున్నా సరే, పగలగొడతాను."

అతను తలుపును వదిలాడు గాని, సుడిభూతాన్ని వదల్లేదు. అది ఇంటి చుట్టూ తిరిగింది. తూర్పున దారి లేదు. పెరట్లో దారి లేదు. గాలి పడమరకు తిరిగేసరికి అది కిటికీ పట్టుకుంది. నోరంతా తెరిచి తడిక మీద ఊదింది.

ఊదిన గాలి నిప్పులా వచ్చింది. తడి వేళ్ల గుండా దూరి ఇవతలికి వచ్చేసరికి తొలకరి మట్టివాసన వేసింది. మణికేతుడి మెడ మీద చెమట చల్లబడింది. భూతానికి అది నచ్చలేదు. ఇంకా గట్టిగా ఊదింది. ఊదినకొద్దీ గది చల్లబడింది. గుడ్డు పెంకు మీది గులాబి చార సన్నగిల్లి, కనపడకుండా పోయి, నీలం తిరిగి వచ్చింది.

"ఊదు నాయనా, ఊదు," అన్నాడు గొంకడు, గోడకు వీపు ఆనించి. "మా అత్తగారింట్లో కూడా ఇంత మర్యాద చేయలేదు."

అయితే అది ఊదినకొద్దీ తడిక ఆరిపోతోంది. ఆరినప్పుడల్లా మణికేతుడు చెంబెడు నీళ్లు తీసి, పైనుంచి కిందకు జారేటట్టు పోశాడు. కింద పట్టిన ఇంకో చట్టిలోకి కారినవి మళ్లీ పోశాడు. ముగ్గురిలో ఎవరూ తాగలేదు. గొంకడు ఒకసారి కుండ వంక చూసి, తర్వాత అటు చూడటం మానేశాడు. మధ్యాహ్నం ఎంతకూ గడవలేదు. భూతం బలం తగ్గింది, మళ్లీ పుంజుకుంది. మణికేతుడి చేతులు బరువెక్కి, చెంబు ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. పొగగూడులోంచి పడే ఎండ బిళ్ల నేల మీద నుంచి గోడెక్కి, దీపపు గూటి దాకా వచ్చేసరికి కుండలో చెంబు గీసుకున్న చప్పుడైంది.

"అయిపోయాయి," అన్నాడు.

పొద్దు వాలడానికి ఇంకా వ్యవధి ఉంది. భూతం ఊదుతూనే ఉంది. తడిక ఒక మూల నుంచి తెల్లబడసాగింది.

మారసాని ఉట్టి దించింది. చద్దికుండ. ఉడికిన అన్నంలో నిన్న పోసిన నీళ్లు, పులిసిన తరవాణి, అందులో ఉన్నాయి. ఇంట్లో మిగిలిన తడి అదొక్కటే. గడప మీద పోస్తే బిట్టన వెనక్కి పోతాడు. తడిక మీద పోస్తే గుడ్డు పొద్దు కుంకే దాకా బతుకుతుంది. రెంటికీ చాలదు.

ఆమె అతన్ని అడగలేదు. కుండకు అరచేయి అడ్డం పెట్టి, మెతుకు జారకుండా, తరవాణి అంతా చెంబులోకి వంచి, అతనికి అందించింది. మణికేతుడు దాన్ని తడిక మీద పోశాడు. పుల్లటి వాసన గది నిండా చల్లగా నిండింది. కిటికీ అవతల ఊది ఊది బలం ఉడిగిన భూతం ఒక్కసారి దగ్గి, తిరగలేక తూలి, పెరట్లో గుప్పెడు దుమ్ముగా కూలిపోయింది. దాని వెనక వచ్చిన ఉత్త పడమటి గాలి మాత్రం ఆగలేదు. మెత్తగా తడికలోంచి వీచింది.



మారసాని మూడు మోదుగాకులు పరిచింది. నీళ్లు తీసిన చద్దన్నం విడివిడిగా, గట్టిగా ఉంది. మూడు ఆకుల్లోనూ పెట్టింది. ఉప్పుగల్లు తలా ఒకటి వేసింది. ముగ్గురూ గుడ్డున్న చట్టి చుట్టూ కూర్చున్నారు.  పిలవవలసిన పేరు ఒకటే ఉంది, అది పలకడానికి వీల్లేదు. మిగతా మాటలకు ఎవరికీ ఓపిక లేదు.

మణికేతుడి వేళ్లు చెంబు పట్టీ పట్టీ ముడుచుకుపోయి ముద్ద కట్టలేకపోయాయి. మారసాని అతని ఆకు తన దగ్గరికి లాక్కుంది. ఉప్పు చిదిమి, అన్నం పిసికి, పసివాళ్లకు చేసినట్టు చిన్న ముద్ద చేసి, అతని అరచేతిలో పెట్టింది. అతను తల దించుకుని తిన్నాడు.

గోడ మీది ఎండ బిళ్ల ఎర్రబడింది. చిన్న కుండలో, పెంకు లోపల, ఏదో ఒకసారి తట్టింది.

బయట అడుగులు సందులోకి వచ్చాయి. పొడిగా ఉన్న గడప దగ్గర ఆగాయి. ఎవరో వేపమండ పీకి పారేసిన చప్పుడైంది. గొళ్లెం కదిలింది.

గొంకడు తింటూనే ఎడమచేత్తో పడవ తెడ్డు కోసం వెతికాడు, అది లేదని గుర్తొచ్చి రోకలి దగ్గరికి లాక్కున్నాడు. మారసాని తలుపు వంక చూడలేదు. ఇంకో ముద్ద కలిపింది.